వంటగట్టు మీద బీటలు

కొత్తగా వేయించిన కడప రాయి వంటగట్టు దగ్గర మొగుడూ పెళ్లాల కొట్లాట మొదలైంది. ఊరందరిలాగే ఇద్దరి ముఖాలకూ, చూసినదాన్నల్లా దానిమీదే గుర్తులేసి వివరించి చూపే కళ్లద్దాలున్నాయి.

“రాతిమీద అలల గుర్తులు చూడే. ప్రళయంలో లోకమంతా మునిగిందనేదానికి ఇంగేం సాక్ష్యం కావల్ల?” అన్నాడు కంబగిరి.

“రాయి కాకముందు బురదగా ఉన్నెప్పుడు ఎండకు బీటలిచ్చింది కనపల్లేదా? ప్రళయంలో ఎండ యాడిదయ్యా?” అని ఎగిరిపడింది, కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన కుళ్లాయమ్మ.

“నాకు బీటలే కనపల్లేదు.”

“తడిమి చూడు!” అంటూ అతని వేలు పట్టి రాతిమీద రుద్దింది. తన వేలికీ నున్నగానే తగిలింది. అనుమానమొచ్చి అద్దాలు తీసింది. అలలూ లేవు, బీటలూ లేవు. అది రాయే కాదు, నల్లరంగు పూసిన సిమెంటు పలక. ఎవరికి నచ్చింది వాళ్లకు చూపించాయి అద్దాలు.

“ఏం కనపడిందే?”

కుళ్లాయమ్మ అద్దాలు మళ్లీ పెట్టుకుంది. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నోటితోనే, “బీటలే” అంది.