నుదుటి మీద ముద్దు

పద్నాలుగేళ్లుగా నా మొహం చూడని కద్వాలన్ దొర, ఇంగ్లిషు రాజు చేతిలో ఓడి వచ్చాక తనే మమ్మల్ని చర్చికి పిలిపించాడు.

అమ్మ ఒక చెయ్యి బలిపీఠం మీద, ఇంకో చెయ్యి నా తల మీద పెట్టింది. "ఈ పిల్ల నీకే పుట్టింది దొరా. దేవుడి మీద ఒట్టు."

మా వేల్స్‌లో దీనికి రెండే జవాబులు. దొర కాదని ఎదురు ఒట్టు వెయ్యాలి, లేదా అవునని నా నుదుటి మీద ముద్దు పెట్టాలి. కాదంటే ఈ ఊళ్లో నేను ఎవరికీ ఏమీ కాను.

"వణక్కే, దొంగపిల్లలా ఉన్నావు," అంది అమ్మ.

దొర వంగి ముద్దు పెట్టాడు. "నా కూతురే. ఆ ముక్కు మా అమ్మదే."

అమ్మ ఏడ్చింది. నేను ఎవరూ చూడకుండా నా ముక్కు తడుముకున్నాను.

నాన్న నా చెయ్యి పట్టుకుని బయటికి నడిపించాడు. గుమ్మం ముందు రాజుగారి మనిషి రెండు గుర్రాలతో నిలబడి ఉన్నాడు.

"హామీగా నీ కన్నబిడ్డని ఇస్తానన్నావు. ఈ పిల్లేనా? నువ్వు మళ్లీ కత్తి పట్టావంటే దీని తల తెగుతుంది."

"తెలుసయ్యా. నా కొడుకులకన్నా ఇదంటేనే నాకు ప్రాణం," అన్నాడు నాన్న.

నన్ను గుర్రం ఎక్కిస్తూ చెవిలో మెల్లగా అడిగాడు.

"నీ పేరేంటమ్మా?"