నాలుగు రాళ్ళ తూకం

“మిగతా రాళ్ళు ఎక్కడ దాచావమ్మా?”

“ఉన్నవి ఇవేనండీ. నాలుగే.”

తూనికల ఇన్‌స్పెక్టరు కళ్ళజోడు సర్దుకుని చూశాడు. మేకుల కొట్టు గట్టు మీద నాలుగు ఇనప రాళ్ళు: ఒకటి, మూడు, తొమ్మిది, ఇరవై ఏడు కిలోలవి. ఇరవయ్యేళ్ళ ఉద్యోగంలో ఇలాంటి విడ్డూరం ఆయన చూడలేదు. జేబులో సంతకం లేని ఫిర్యాదు ఉంది. ఈమెది దొంగ తూకమని, బజారు కిటకిటలాడే వేళకి వచ్చి నలుగురిలో నిగ్గు తేల్చమని. అలాగే వచ్చాడు. జనం మూగారు.

“లేతు మిషను మీద నేనే చేసుకున్నానండీ. వీటిని చూసి ఒక్కరూ గుమ్మం ఎక్కడం లేదు. ఇలాగే ఉంటే నెలాఖరుకి కొట్టు మూసెయ్యాల్సిందే.”

“అందరిలా మామూలు రాళ్ళు కొనుక్కోవచ్చుగా?”

“నా తూకంలో తప్పుంటే కొంటానండీ.”

“ఆవిడ పట్టిన కుందేలుకి మూడే కాళ్ళండీ!” అన్నాడు ఎదురు కొట్టు ఆసామి. అంతా గొల్లున నవ్వారు. ఫిర్యాదు ఎవరి చలవో ఇన్‌స్పెక్టరుకి అప్పుడే అర్థమైపోయింది.

ముందు తను తెచ్చిన సర్కారు రాళ్ళతో ఆ నాలుగింటినీ సరిచూశాడు. ఆవగింజంత తేడా లేదు.

“సరే. రెండు కిలోలు తూచు.”

ఆమె ఒక పళ్ళెంలో మూడు కిలోల రాయి పెట్టింది. రెండో పళ్ళెంలో కిలో రాయి పెట్టి, పక్కన మేకులు పోసింది. ముల్లు నిటారుగా నిలబడింది.

“ఒక్కో రాయికీ మూడే దారులండీ. అవతలి పళ్ళెంలో ఉంటుంది, సరుకు పక్కన ఉంటుంది, లేదా ఖాళీగా కూర్చుంటుంది. అందుకే ప్రతిదీ ముందుదానికి మూడింతలు. కిలో నుంచి నలభై దాకా ఏ తూకమైనా వస్తుంది. అదీ ఒక్కో తూకం ఒకే ఒక్క రకంగా.”

“పద్నాలుగు తూచమనండి!” అన్నాడు ఎదురు కొట్టాయన.

ఆమె ఇరవై ఏడుని ఒకవైపు పెట్టి, మిగతా మూడు రాళ్ళూ సరుకువైపే వేసింది.

“రాళ్ళు కూడా మనకే అమ్ముతుందా ఏంటి!” అన్నారెవరో.

ఇన్‌స్పెక్టరు ఆ మేకుల్ని తన రాళ్ళతో మళ్ళీ తూచాడు. సరిగ్గా పద్నాలుగు. ఓ తాపీమేస్త్రి ఈల వేశాడు.

పట్టుకుందామని వచ్చిన పెద్దమనిషికి ఇప్పుడు ఆట దొరికింది. ఇరవై ఐదన్నాడు, పదిహేడన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. వరసగా నలభయ్యీ చూడాల్సిందేనంది. చేతులు నల్లబడ్డాయి, రెక్కలు పడిపోతున్నాయి, అయినా కూర్చోలేదు. నలభై దగ్గర నాలుగు రాళ్ళూ ఒకే పళ్ళెంలోకి చేరాయి. ముల్లు కదల్లేదు.

ఇన్‌స్పెక్టరు అందరికీ వినబడేలా “తూకం పక్కా!” అని, పత్రం మీద ముద్ర కొట్టాడు.

“నాకు ఐదు కిలోలమ్మా, రెండంగుళాలవి,” అన్నాడు మేస్త్రి. అతని వెనక వరస కట్టారు. ఎదురు కొట్టు ఆసామి మెల్లగా జారుకున్నాడు.

ఇన్‌స్పెక్టరుకి ఒళ్ళు మండింది. నోటి దగ్గర కూడు తీసేవాళ్ళంటే ఆయనకి మహా చెడ్డ కోపం. ఆమె దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు.

“ఈ ఉత్తరం ఎవరి పనో నాకు తెలుసమ్మా. నువ్వు ఊఁ అను, రేపే ఆ ఎదురు కొట్టువాడి మీద కేసు రాస్తాను.”

ఆమె మేకులు పోస్తూనే అటూ ఇటూ చూసింది.

“పాపం, ఆయన్నేమీ అనకండి సార్.”

“మరి?”

“రాసింది నేనేనండీ.”