వకీలు పిలిచిన కక్షిదారు

పరదేశపు చట్టాలు, పన్నులు చూసే బొంబాయి కంపెనీ ఒకటి కరీంనగర్‌లో, జలపతిరావు వకీలుకు ఎదురుగానే ఆఫీసు తెరిచింది. ఆర్నెల్లలో ఆయన గల్ఫు కక్షిదారులంతా రోడ్డు దాటి అటు పోయారు. అసూయతో మా వకీలుకు అన్నం కూడా సహించేది కాదు, పాపం!

ఒక రాత్రి బజారంతా కరెంటు పోయింది. ఎదురు ఆఫీసు మాత్రం తెరిచే ఉంది. లోపల, గుమ్మంలోంచి పడే వెన్నెల్లో, బెంచీ మీద ఓదెలు కూర్చున్నాడు. పోయిన నెల మస్కట్ నుంచి పెట్టెలో వచ్చిన ఓదెలు. ఆ శవం కాగితాలు మాత్రం రాసింది మా వకీలే.

భయపడాల్సిన మనిషి భగ్గుమన్నాడు. విసవిసా పోయి గుమ్మంలో నిలబడ్డాడు.

"సచ్చినంక గూడ గీళ్ళ దగ్గరికేనా ఓదెలూ? నేనేం తక్వ జేసిన?"

"మీరు పిలువలే గద, వకీల్ సాబ్. గీళ్ళు పిలిచిండ్రు."

"గిప్పుడు పిలుస్తున్న. నడువ్ నా ఎంబడి!"

ఓదెలు లేచాడు. చీకట్లో ఇంకెన్నో బెంచీలు కిర్రుమన్నాయి.

వకీలు వెనక్కి చూడకుండా రోడ్డు దాటాడు. వినిపించింది ఆయన చెప్పుల చప్పుడొక్కటే. తన ఆఫీసు తాళం తీసి అగ్గిపుల్ల గీశాడు.

లోపల కూర్చోవడానికి చోటు లేదు. పెట్టెల్లో వచ్చినవాళ్ళంతా నిశానీ వేయడానికి ఎడమ బొటనవేళ్ళు చాపి, ఆయన కోసమే చూస్తున్నారు.