మల్లెపూల కట్టు

చావింటికి మల్లెపూలు తెచ్చిన పాస్టరమ్మగారు మెర్సీని చూసి బేబి అత్తగారు భగ్గుమంది.

"మనవణ్ణి సమాధి చేసి రెండ్రోజులు కాలేదు. పూలేంటండీ?"

"పాలు ఆగడానికండి. తలుపు వెయ్యండి."

మంచమ్మీద బాలింత బేబి జాకెట్టు పాలతో తడిసిపోయి ఉంది. నిన్న పాస్టరుగారు ప్రార్థన మొదలుపెడితే గోడవైపు తిరిగిపోయిన పిల్ల.

మెర్సీ పూలు ఆమె రొమ్ములమీద పరిచి, పాతచీర గుడ్డతో బిగించి కట్టింది.

"పాలెప్పటికి ఆగుతాయండీ?" అంది బేబి.

"మూడ్రోజులకమ్మా."

"మరి ఏడుపు?"

మెర్సీ గుడ్డ ముడి మరోసారి బిగించింది.

"ఈ కట్టు మీకెవరు నేర్పారండీ?" అత్తగారి గొంతు తగ్గింది.

"ఎవరూ నేర్పలేదండి. నాకు మూడు కాన్పులకీ కట్టారు."

బేబి మెర్సీవైపు తిరిగింది.

"అయితే ప్రార్థన మీరు చెయ్యండి అమ్మగారూ."

మెర్సీ ఆమె చెయ్యి పట్టుకుని కళ్లు మూసుకుంది. "ప్రభువా" అన్నాక ఏడుపు తప్ప మాట రాలేదు.

"ఆమెన్" అంది బేబి.