తీసేసిన రొద

“ఇంకా తియ్,” అన్నాడు తాతయ్య, మనవరాలి కుర్చీ వెనక నిలబడి. “పాట తప్ప చీమ చిటుక్కుమన్నా వినపడకూడదు.”

“ఇంకా తీస్తే పాట పీక కూడా నొక్కినట్టే తాతయ్యా.”

మనవరాలు సౌండ్ ఇంజనీరు. కంప్యూటర్‌లో ఆమె రొద తీసేస్తున్నది అమ్మమ్మ పెళ్ళయిన కొత్తలో పాడిన పాటలోంచి. ఆవిడ పడుచు గొంతు మిగిలింది ఆ ఒక్క క్యాసెట్‌లోనే. సాయంత్రం ఇంటిల్లిపాదీ కూర్చుని వింటారు. అప్పుడు పాట బొంగురుగా వినిపిస్తే అమ్మమ్మ మొహం చూడలేరు ఎవరూ.

“అసలు ఎంత తగ్గిందో లెక్క చెప్పు.”

“పాట బలం నూరనుకో. మొదట్లో రొద బలం ఇరవై అయిదు. భాగిస్తే నాలుగు. అంటే పాట రొదకి నాలుగింతలే. ఇప్పుడు రొద ఒకటికి దిగింది, పాట దానికి నూరింతలయింది. మా లెక్కలో ఆరు డెసిబెల్స్ కాస్తా ఇరవై అయ్యాయి.”

“ఆ ఒకటి మాత్రం ఎందుకు ఉండాలి?”

మనవరాలికి ముచ్చటేసింది. అమ్మమ్మ కూనిరాగం తీస్తే చాలు, “కాకులు వాలతాయి, కిటికీ మూసెయ్” అనే మనిషి ఈయన. బాగుందని ఒక్కసారైనా అన్న పాపాన పోలేదు. ఆ రోజు రికార్డర్ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది కూడా పెళ్ళాం పోరు పడలేకే అంటాడు. అలాంటివాడికి ఆ పాట మీద ఇంత ప్రేమ ఉందని ఎవరనుకున్నారు?

“సరే, రొదతోపాటు పాట ముక్కలేవైనా కొట్టుకుపోయాయేమో ముందు చూడనీ.” తీసేసిన రొదని మాత్రమే విడిగా పెట్టి, సౌండ్ పెంచింది.

“అదొద్దు. చెత్త వినడమేమిటి?” తాతయ్య చెయ్యి అడ్డం పెట్టబోయాడు.

అప్పటికే స్పీకర్లు బుసకొట్టాయి. ఆ బుసలోంచి ఒక కుర్ర మగగొంతు, మైకుని ఆనుకుని గొణుక్కుంటున్నట్టు: “ఎంత బాగా పాడుతున్నావే... పైకి మాత్రం అననులే, అంటే నెత్తికెక్కుతావు.”

తాతయ్య కళ్ళజోడు తీసి, శుభ్రంగా ఉన్న అద్దాలనే తుడవసాగాడు. మనవరాలు నవ్వాపుకుంటూ వెనక్కి తిరిగింది. గుమ్మంలో అమ్మమ్మ టీ కప్పులతో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో, కళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

“పాట సంగతి తర్వాత చూద్దాంలేవే,” అంది. “సాయంత్రం అందరికీ ఆ చెత్తే వినిపించు.”