కిందికి నడిచిన చుక్క

"మంచం దిగలేనివాళ్ళు మెరక మీదికి ఎలా ఎక్కారమ్మా?"

వెనక బెంచీలోంచి మళ్ళీ అదే ప్రశ్న.

క్లాసంతా ముసిముసిగా నవ్వింది. ఆయనకి అడ్డుపుల్ల అని పేరు పెట్టింది ఊరికే కాదు మరి.

సైకిల్ షాపు పైగదిలో సాయంత్రం క్లాసు అది. ఏరు పొంగితే నీళ్ళు ఎటు పారతాయో, మనుషులు ఎటు పరిగెడతారో ముందే కంప్యూటర్లో ఆడించి చూసే మోడల్స్ కట్టడం నేర్పుతారు. అందులో ఏరంటే నీలం గీత, మనిషంటే ఎర్ర చుక్క.

ఆ క్లాసులో చురుకైనది ఒకమ్మాయి. ఆమె మోడల్ బాగా కుదిరితే వరదల ఆఫీసు దాన్నే వాడుకుంటుంది, ఆమెకి ఉద్యోగం ఇస్తుంది. వానాకాలంలో ఏ వీధికి పడవలు పంపాలో ఇక ఆ మోడలే చెబుతుంది. ఉన్న పడవలు చూస్తే అంతంతమాత్రం.

అడ్డుపుల్ల అందరికన్నా పెద్దవాడు. మోకాళ్ళు అరిగిపోయి, ఒక్కో మెట్టే ఎక్కుతూ వచ్చేవాడు. ఆయన మౌస్ పట్టుకుంటే చుక్కలన్నీ పోయి ఏట్లో పడేవి. ఫీజు దండగ అని అందరూ అనుకునేవారు.

"ఎలా ఎక్కితే ఏం బాబాయ్, ఎక్కారు కదా" అంది అమ్మాయి. "పోయిన వరదలో ఎవరి ఫోను ఎటు కదిలిందో ఆఫీసువాళ్ళు ఇచ్చారు. ఇదిగో, పల్లపు వీధి చుక్కలన్నీ టైముకి మెరక మీదున్నాయి. ఆ వీధికి పడవ అక్కర్లేదు."

"ఎవరో ఒకరు మోసుంటారు కదమ్మా."

"ఆ ఎవరో నా లెక్కలో లేరు బాబాయ్."

"పెట్టకూడదా?"

"లేనివాళ్ళని ఎక్కణ్ణుంచి తెచ్చి పెట్టను?"

ఆయన మోకాళ్ళు రుద్దుకున్నాడు.

"అదీ నిజమేలే" అన్నాడు.

కానీ మొదట్లో ఆ వీధిలోనే ఇంకో చుక్క ఉండేది. అందరూ పైకి పోతుంటే అదొక్కటే కిందికి పోయింది. పైకొచ్చింది. మళ్ళీ కిందికి పోయింది. తలాతోకా లేని నడక.

అంతకుముందే అమ్మాయి దాన్ని మాస్టారికి చూపించింది. ఆయన చూసీ చూడనట్టు చూశాడు.

"వరదలో ఎవడైనా నీళ్ళకి ఎదురెళ్తాడా? ఫోను పాడై ఉంటుంది. బియ్యంలో రాయి లాంటిది, ఏరి పారెయ్. లేకపోతే పంటికింద తగులుతుంది."

ఏరి పారేసింది. ఒక్క మీట నొక్కితే సరిపోయింది. ఆ తర్వాత మోడల్ నున్నగా నడిచింది. ఇంటికెళ్ళి అక్కకి చూపించి మురిసిపోయింది కూడా.

ఆఫీసువాళ్ళు మెచ్చుకున్నారు. ఉద్యోగం వచ్చింది.

క్లాసు చివరి రోజున అడ్డుపుల్ల ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"పల్లపు వీధికి ఒక్క పడవైనా వేయించమ్మా."

"నా చేతిలో ఏముంది బాబాయ్, మోడల్ చెప్పాలి."

"మోడల్‌కి చెప్పేది నువ్వేగా."

"మీరు పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు" అని నవ్వింది, సంచి సర్దుకుంటూ.

ఆయన కూడా నవ్వాడు, పాపం.

వానాకాలంలో ఏరు పొంగింది.

పడవలు మోడల్ చెప్పిన వీధులకి వెళ్ళాయి. పల్లపు వీధికి సైరన్ మాత్రం వెళ్ళింది. నడవగలిగినవాళ్ళు నడిచారు. నడవలేనివాళ్ళు ఆ సైరన్ వింటూ మంచాల మీదే ఉండిపోయారు.

మర్నాడు బడిలో పెట్టిన శిబిరానికి అమ్మాయి ల్యాప్‌టాప్ పట్టుకుని వెళ్ళింది. ఆ వీధిలో మంచం పట్టినవాళ్ళలో ఒక్క ముసలమ్మే మిగిలింది. బెంచీ మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది.

"మిమ్మల్ని ఎవరు తెచ్చారు మామ్మా?"

"పోయినసారి తెచ్చినవాడే. అప్పుడు మా అందరినీ వాడొక్కడే మోశాడమ్మా. ఒకర్ని దించడం, ఇంకొకరి కోసం పోవడం."

అమ్మాయి బెంచీ దగ్గరికి జరిగింది.

"ఈసారి నన్ను దించేసరికే వాడికి ఒళ్ళంతా వణుకు. ఇక వద్దురా అంటే వినడే. పక్కింటాయన ఉన్నాడంటూ మళ్ళీ దిగాడు."

"వచ్చాడా?"

ముసలమ్మ దుప్పటి అంచు నలుపుతూ తల అడ్డంగా ఊపింది.

అమ్మాయి అక్కడే నేల మీద కూలబడి ల్యాప్‌టాప్ తెరిచింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. ఏరి పారేసిన చుక్కని తెచ్చి, పాత వరదలో పెట్టి ఆడించింది.

చుక్క కిందికి పోయింది. వచ్చేటప్పుడు దాన్ని అంటుకుని ఇంకో చుక్క ఉంది. దాన్ని మెరక మీద వదిలి మళ్ళీ కిందికి పోయింది. ఇంకో చుక్కతో వచ్చింది. ఆ వీధిలో మంచం పట్టినవాళ్ళెవ్వరూ తమంతట తాము ఎక్కలేదు.

తన చేత్తోనే వాళ్ళందరినీ ముంచేసినట్టనిపించింది. ఏడుపు కూడా రాలేదు.

"ఆయన ఎవరు మామ్మా? పేరేంటి?"

"పేరెప్పుడూ చెప్పలేదమ్మా, నాయనా అని పిలిచేదాన్ని. ఇక మొయ్యలేను మామ్మా, ఈసారి మీకు పడవ వచ్చేలా చూస్తానంటూ ఏదో కంప్యూటర్ క్లాసుకి పోయేవాడు. అక్కడొక తెలివైన పిల్ల ఉంది, ఎప్పటికైనా వింటుందిలే అనేవాడు."

ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది.

"ఆ క్లాసులో మాత్రం వాణ్ణి అడ్డుపుల్ల అంటారట."