అతిథి బటన్

స్వాగతకి చిన్నకోడలంటే ఒళ్ళు మంట.

ఇంట్లో కోడలు కాదు, ఆరున్నర సీరియల్లో కోడలు.

"ఆ చూపు చూడు, కళ్ళల్లో కారం కొట్టాలి దీనికి," అంది మరమరాలు నముల్తూ.

"ఆ పిల్లదేముంది బౌదీ, రాసిచ్చింది చేస్తుంది," అంది గుమ్మం దగ్గర నేలమీద కూర్చున్న బీనా.

బీనా కొత్త పనిమనిషి. వదినా అన్నట్టు స్వాగతని బౌదీ అంటుంది. పాత మనిషి పుతుల్ తన కూతురి పురిటికని కానింగ్ అనే ఊరు వెళ్తూ తన బదులు ఈమెను పెట్టి వెళ్ళింది. గిన్నెలు సరిగ్గా తోమదు. సబ్బుకే వేళ్ళు పగిలాయి. ఆరున్నర అయ్యేసరికి మాత్రం చేతిలో పని వదిలేసి గుమ్మంలో వాలిపోతుంది.

ఆ ఇంట్లో టీవీ పక్కన ఓ డబ్బా ఉంది. ఎవరు ఏం చూస్తున్నారో లెక్కగట్టే డబ్బా. టీవీ ముందు కూర్చున్నప్పుడల్లా ఇంట్లోవాళ్ళు రిమోట్ మీద ఎవరి బటన్ వాళ్ళు నొక్కాలి. బయటివాళ్ళు చూస్తుంటే అతిథి బటన్ నొక్కాలి. అలాంటి ఇళ్ళు వీళ్ళుండే బేహాలా పేట మొత్తం మీద ఎక్కడున్నాయో ఎవరికీ తెలియనివ్వరు. ఆ లెక్క ప్రతి గురువారం బయటికొస్తుంది. దాన్ని బట్టి ప్రకటనలు, ప్రకటనల్ని బట్టి సీరియల్ ఆయుష్షు. కలకత్తా ఏం చూడాలో తనే చెబుతున్నట్టు స్వాగతకి మహా గర్వం.

ఈ గురువారం అంకె పెరక్కపోతే ఆరున్నర సీరియల్ ఆపేస్తారని పేపర్లో వచ్చింది.

పీడా వదులుతుంది అంది స్వాగత.

బీనాకి కాలు నిలవలేదు. వంటింట్లోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది. చివరికి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"బౌదీ, నేనూ చూస్తున్నాగా. నా లెక్కకి కూడా ఆ బటన్ నొక్కరూ."

"అది అతిథులకి."

"నేనూ బయటిదాన్నేగా."

"పనివాళ్ళు అతిథులెలా అవుతారే? రేపు చేపలవాడు తొంగిచూస్తే వాడికీ నొక్కాలా?"

భర్త తుహిన్ పడీ పడీ నవ్వాడు. బీనా నవ్వలేదు.

మర్నాడు మళ్ళీ అడిగింది. మేడమెట్లన్నీ కడుగుతానంది. నిజంగానే కడిగింది. ఆ మొండిపట్టు చూసి స్వాగతకి చిర్రెత్తుకొచ్చింది. ఈమె చెప్పినట్టు తను నొక్కడమా? టీవీ నడవనిచ్చింది గానీ, తన బటన్ కూడా ఆపేసి ఫోను పట్టుకుని బాల్కనీలోకి పోయింది.

గదిలో సీరియల్ నడుస్తోంది. బీనా ఒక్కతే కళ్ళార్పకుండా చూస్తోంది. డబ్బా లెక్కలో మాత్రం ఆ గదిలో ఎవరూ లేరు.

రిమోట్ చేతికందేంత దూరంలోనే ఉంది. బీనా దాన్ని తీసుకుంది. బొటనవేలు బటన్ దాకా వెళ్ళి ఆగింది. దుమ్ము తుడిచి మళ్ళీ అక్కడే పెట్టేసింది.

స్వాగత బాల్కనీ లోంచి ఇదంతా చూసింది. చూసి కూడా లోపలికి రాలేదు.

గురువారం అంకె ఇంకా దిగజారింది. సీరియల్ ఆపేశారు. బీనా పనికి రావడం మానేసింది.

పుతుల్ ఊరినుంచి రాగానే స్వాగత అందుకుంది. ఎవర్ని పెట్టిపోయావే, గిన్నె తోమడం రాదు, సీరియల్ పిచ్చి, పైగా చెప్పకుండా మానేసిందని ఏకరువు పెట్టింది.

పుతుల్ తల వంచుకుంది.

"తప్పు నాదే బౌదీ. రైల్లో ఎవరితోనో మాట్లాడుతూ ఈ డబ్బా సంగతి నోరు జారాను. పక్కన కూర్చున్న ఆవిడ విని నా చేతులు పట్టుకుంది, మీ ఇంట్లోనే పని ఇప్పించమని. పాపం, ఒకరింట్లో గిన్నె తోమి ఎరగదు."

"మరెందుకు వచ్చినట్టు?"

"ఒక్క మనిషిగానైనా లెక్కలోకి వద్దామని. మీరు రోజూ తిట్టుకునే ఆ చిన్నకోడలు, ఆవిడ కన్నకూతురు."